మహాప్రస్థానంలో ఏడవ బాటసారి

పాండవుల చివరి ప్రయాణంలో వెంట నడిచిన కుక్క ఎవరన్న ప్రశ్నకు సాధారణంగా వినవచ్చే సమాధానం ఒక్కటే: అది యమధర్మరాజు ధరించిన రూపం. ఈ సమాధానం తప్పు కాదు, తొందరపాటుతో కూడినది. కథ ముగింపులో తెలియవలసిన సంగతిని ప్రయాణం మొదట్లోనే తెలిసినట్లు చదవడం వల్ల దారి పొడవునా నడిచిన జంతువు పాఠకుని దృష్టి నుంచి తప్పుకుంటుంది. 'కుక్క' అనడానికి వెనుకాడి 'శునకం' అనే అలవాటులో కూడా ఈ తొందరపాటే కొంత కనిపిస్తుంది. ధర్మరాజుకు ఆ రహస్యం తెలియదు. తెలిసి ఉంటే అతని నిరాకరణకు విలువే లేదు.

మూలంలో ఆ కుక్క రహస్యం విప్పే ఘట్టం మరొక ఘట్టాన్ని గుర్తు చేస్తుంది. నిజరూపం ధరించిన ధర్ముడు పూర్వం ద్వైతవనంలో, నీటికై వెళ్లిన తమ్ములు పడిపోయిన వేళ తాను చేసిన పరీక్షను ప్రస్తావిస్తాడు. అంటే అడవిలోని కొలను ఒడ్డు, హిమగిరి దారిలోని కుక్క ఒకే పరీక్షకు రెండు అంచులు. తెలుగులో ఈ రెండు అంచుల చరిత్ర విచిత్రమైనది. నన్నయ అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆగిపోయాడు. తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి మొదలుపెట్టి స్వర్గారోహణపర్వం వరకు 15 పర్వాలు పూర్తి చేశాడు. యక్షప్రశ్నలున్న అరణ్యపర్వశేషం 14వ శతాబ్దంలో ఎఱ్ఱన చేతికి వచ్చింది. కాబట్టి కవిత్రయ భారతంలో కుక్క ముందు వచ్చింది, కొలను తరువాత వచ్చింది. తిక్కన కాలపు శ్రోత ఏకాశ్వాసమైన మహాప్రస్థానికపర్వాన్ని తెలుగులో వింటున్నప్పుడు యక్షుని కొలను అతనికి సంస్కృతంలోనో పురాణ శ్రవణంలోనో తప్ప ఈ తెలుగు కావ్యంలో లేదు. ఎఱ్ఱన మాత్రం కుక్క అప్పటికే తెలుగులో నడిచి వెళ్లిన దారిని ఎరిగి కొలనును రచించాడు. కవిత్రయంలో పూర్వాపరాలను పర్వక్రమంలోనే చూసే అధ్యయనాలకు ఈ తలకిందులైన క్రమం ఒక హెచ్చరిక.

ఇక ఆ ప్రయాణం సంగతి. స్వర్గారోహణం అనగానే నిటారుగా ఉత్తరానికి ఎక్కిన దారి మనసులో మెదులుతుంది. మూలం చెప్పేది అది కాదు. ప్రయాణికులు మొదట తూర్పుకు వెళ్లి లౌహిత్య జలాల దగ్గర అర్జునుని గాండీవాన్ని నీటికి అప్పగిస్తారు. తరువాత దక్షిణానికి, అక్కడ నుంచి పడమటికి తిరిగి సముద్రం ముంచిన ద్వారకను చూస్తారు. ఆ పిమ్మటనే హిమవంతం, ఇసుక సముద్రం, మేరువు. నీటి నుంచి నీటికి సాగిన సుదీర్ఘ ప్రదక్షిణం ఇది. తొందర లేదు, తిరుగుదారి లేదు. 1960లో చార్లీ అనే కుక్కతో అమెరికా చుట్టివచ్చి, 1962లో ఆ యాత్రను గ్రంథంగా వెలువరించిన స్టైన్‌బెక్‌కు కుక్క అపరిచితులతో మాట కలిపే సాధనమైంది. ఇక్కడి కుక్క ఎవరినీ ఎవరితోనూ కలపదు. బయలుదేరేటప్పుడు ఏడవదిగా లెక్కలో చేరి, ఆపైన మౌనంగా అనుసరిస్తుంది, అంతే.

ఈ అనుసరణను ప్రతీకగా కాక మామూలు దృశ్యంగా చూడగల నేలలు కొన్ని ఉన్నాయి. ముదిగుబ్బ, ధర్మవరం, బుక్కపట్నం ప్రాంతం వాటిలో ఒకటి. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువుల పరిసరాల్లో గొర్రెల మందలతో కాపరులు ఊరి నుంచి ఊరికి సాగుతారు. కోత ముగిసిన చేలలో రాత్రి మందను నిలిపి, ఎరువుకు బదులుగా ధాన్యమో డబ్బో తీసుకొని మళ్లీ కదులుతారు. మేత ఎక్కడుంటే నడక అక్కడికి, నీరెక్కడుంటే మజిలీ అక్కడ. మంద వెనుక కుక్క. దానిని ఎవరూ పిలవరు, అది ఎటూ పోదు. కురుబలు కొలిచే మైలారలింగని సంప్రదాయంలో కుక్క దేవుని పరివారంలోనిది. గొరవయ్యలు తమను ఆ దేవుని కుక్కలుగా భావించుకుంటారు. కుక్కలున్న వారికి స్వర్గంలో చోటు లేదన్న ఇంద్రుని మాట ఈ భక్తుల చెవికి ఎంత వింతగా తోచాలి! ఒకే జంతువును వాకిట ఆపే స్వర్గమొకటి, కొలువులో నిలిపే దేవుడొకడు. మహాప్రస్థానాన్ని మార్గ సంప్రదాయంలోనే వ్యాఖ్యానించడం ఎందుకు చాలదో చెప్పడానికి ఈ ఒక్క భేదం చాలు.

ధర్మరాజుపై ఒక ఆక్షేపణ బలమైనది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా కూలినప్పుడు వెనుదిరిగి చూడనివాడు కుక్క కోసం స్వర్గాన్నే కాదనడం ఏమి న్యాయం? మూలంలో ఇంద్రుడే ఈ ప్రశ్న వేస్తాడు. దానికి వచ్చిన సమాధానం భావుకమైనది కాదు, నిష్ఠురమైనది: చనిపోయిన వారితో సంధీ లేదు, విగ్రహమూ లేదు, వారిని బతికించడం తన వల్ల కాదు, బతికి ఉన్నవారిని తాను విడవలేదు. కొలను ఒడ్డున అతడు మాటలతో తమ్ములను తిరిగి పొందగలిగాడు. ఈ దారిలో ఆ అవకాశం లేదు. మిగిలిన ప్రాణి ఒక్కటే. దానిపై ఉన్న బాధ్యత దాని జాతిని బట్టి కాక, అది బతికి ఉండి తనను నమ్మి వచ్చిందన్న వాస్తవాన్ని బట్టి నిర్ణయమైంది. కుక్కను ధర్మదేవతగా ముందే చదివేవారు పోగొట్టుకునేది ఈ తర్కాన్నే.

ఈ కథ ఎవరికి చెబుతున్నారన్నది మరింత ముఖ్యం. శ్రోత జనమేజయుడు. నన్నయ ఆదిపర్వారంభంలో సరమ వృత్తాంతం ఉంది. జనమేజయుని యాగభూమిలో ఆడుకుంటున్న సరమ కుమారుణ్ణి అతని తమ్ములు నిష్కారణంగా కొట్టారు, సరమ వచ్చి నిలదీసింది. దెబ్బతిన్న కుక్కతో తెరచుకున్న భారతం కుక్కను విడవని రాజు దాకా వచ్చింది. ఆ రాజు జనమేజయునికి ముత్తాత తరం వాడు. మూలంలో భీముడు పడిపోయిన తరువాత వైశంపాయనుడు, తాను పలుమార్లు ప్రస్తావించిన ఆ కుక్క ఒక్కటే వెంట నడిచిందని ప్రత్యేకంగా గుర్తు చేస్తాడు. కుక్క ప్రస్తావన నిజానికి అన్నిసార్లు రాలేదు. ఆ నొక్కి చెప్పడం లెక్క కోసం కాదు, వింటున్న వాని కోసం. మాటిమాటికీ ప్రశ్నలడిగే జనమేజయుడు ఆ చోట మారు పలకడు.