వరదాంబిక: కావ్యం చెప్పిన జీవితం, చెప్పని జీవితం

1. పరిచయం

శ్రీకృష్ణదేవరాయల తరువాత ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు 1542 వరకు విజయనగరాన్ని పాలించాడు. సలకరాజు వంశపు ఆడపడుచు వరదాంబిక ఆయన రాణి. వారి వివాహాన్ని వస్తువుగా తీసుకొని ఆస్థాన విదుషి తిరుమలాంబ ‘వరదాంబికా పరిణయ చంపువు’ను సంస్కృతంలో రచించింది. గద్యపద్యాలు కలిసిన కావ్యమే చంపువని మీకు తెలుసు. తంజావూరు గ్రంథాలయంలో ఉన్న ఈ గ్రంథాన్ని 20వ శతాబ్దంలో లక్ష్మణ్ స్వరూప్ వెలుగులోకి తెచ్చాడు. ఒక స్త్రీ జీవితాన్ని మరొక స్త్రీ రాసింది కాబట్టి ఇందులో వరదాంబిక మనసు కనిపిస్తుందని మీరు ఆశించవచ్చు. ఆ ఆశ ఎంతవరకు తీరుతుందో పరిశీలిద్దాం.

2. కావ్యంలో వరదాంబిక

పేరు వరదాంబికదే అయినా కావ్యం ఆమెతో మొదలు కాదు. ముందు అచ్యుతరాయల తండ్రి నరసనాయకుని దండయాత్రలు, ఓబమాంబతో ఆయన వివాహం, అచ్యుతుని జననం, పట్టాభిషేకం వస్తాయి. ఆ తరువాతనే రాజు వరదాంబికను చూసి మోహిస్తాడు. ఆమె సౌందర్య వర్ణన, పెళ్లి, కుమారుడు చినవేంకటాద్రి పుట్టుక వరుసగా సాగి, అతని యౌవరాజ్య పట్టాభిషేకంతో కథ ముగుస్తుంది.

తిరుమలాంబ పాండిత్యం సామాన్యమైనది కాదు. సుదీర్ఘ సమాసాలతో ఆమె గద్యాన్ని నడిపిన తీరే దానికి సాక్ష్యం. అయితే ఆమె అనుసరించింది ఆస్థాన కావ్య మర్యాదను. అందులో నాయిక రాజు కంట పడాలి, పెళ్లాడాలి, వారసుణ్ణి కనాలి. రచయిత్రి స్త్రీ అయినంత మాత్రాన ప్రక్రియ గీసిన హద్దులు చెరిగిపోవు.

3. చరిత్రలో వరదాంబిక

1542లో అచ్యుతరాయలు మరణించేనాటికి వేంకటాద్రి బాలుడు. అధికారం వరదాంబిక తోడబుట్టిన సలకం చినతిరుమలరాజు చేతిలోకి పోయింది. బిడ్డను కాపాడుకోవడానికి ఆమె బీజాపూరు సుల్తాను సహాయం కోరిందనీ, తిరుమలరాజు ధనమిచ్చి సుల్తానును వెనక్కి పంపాడనీ చరిత్రకారులు చెబుతారు. చివరికి మేనమామే మేనల్లుణ్ణి చంపించాడు. తరువాత అళియ రామరాయలు తిరుమలరాజును తొలగించి సదాశివరాయలను సింహాసనం ఎక్కించాడు.

కావ్యం శుభంగా ముగిసిన చోటనే ఆమె అసలు పరీక్ష మొదలైందన్న సంగతి గమనించండి. సొంత అన్నదమ్మునికి ఎదురు నిలవాలన్న నిర్ణయం ఆమెది. పరిణయ కావ్యంలో అటువంటి నిర్ణయానికి చోటు లేదు.

4. ఒక పోలిక

సరిగ్గా అదే కాలంలో జర్మనీలో బ్రన్స్‌విక్-కాలెన్‌బెర్గ్ ప్రభువు మొదటి ఎరిక్ 1540లో మరణించాడు. ఆయన భార్య ఎలిజబెత్ (1510–1558) కుమారునికి వయసు వచ్చేవరకు రాజ్యం నడిపింది. కుమారునికి పాలన గురించి, కుమార్తెకు దాంపత్యం గురించి, వితంతువులకు ఓదార్పుగా స్వయంగా పుస్తకాలు రాసింది. కొడుకు పెద్దవాడై ఆమె నమ్మిన ప్రొటెస్టెంటు మతాన్నే కాదన్నాడు. అంటే ఆమె జీవితమూ సుఖాంతం కాదు. అయినా ఆమె ఏమనుకున్నదో ఆమె మాటల్లోనే చదవగలం. వరదాంబిక విషయంలో మనకు మిగిలింది ఇతరుల మాటే.

5. ముగింపు

కనుక ఇటువంటి కావ్యాన్ని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరి కోసం రాశారు? కథ ఎక్కడ ఆగింది? ఆ తరువాత ఏం జరిగింది? ఈ ప్రశ్నలు తిరుమలాంబ ప్రతిభను తగ్గించవు, ఆమె కావ్యాన్ని ఏ మేరకు నమ్మవచ్చో చెబుతాయి.

మందమర్రి వంటి గని పట్టణంలో చదువుకుంటున్న మీకు ఇది దూరపు సంగతిగా తోచవచ్చు. మీ ఇంట్లోనే చూడండి. తాత గనిలో ఎన్నేళ్లు పని చేశాడో చెప్పే కాగితం బీరువాలో ఉంటుంది. నాయనమ్మ గురించి ఉన్నవి ఇతరులు చెప్పిన నాలుగు మాటలే. ఆమె బతికి ఉంటే, ఆమెనే అడిగి రాసుకోండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: ‘వరదాంబికా పరిణయ చంపువు’ను వరదాంబిక జీవితచరిత్రగా పరిగణించవచ్చునా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాల్లో రాయండి.