ముందు స్పీకరు, తర్వాతే ట్యూబు

పెళ్లికి మైకుసెట్టు కట్టే రోజుల్లో తాటిచెట్టుకు వేలాడదీసిన రేకు హారన్ పాటను పక్క ఊరిదాకా మోసుకెళ్లేది. కింద బల్ల మీది వాల్వు ఆంప్లిఫైయరు ఏమంత పెద్దది కాదు. ఘనతలో సింహభాగం హారన్‌దే. ఇవాళ లక్షలు చేతబట్టుకుని ట్యూబ్ ఆంప్లిఫైయరు కొనబోయేవాళ్లు సరిగ్గా ఈ సంగతే మరచిపోతున్నారు. 300బి ట్యూబు గొప్పదా, కెటి88 ట్యూబు గొప్పదా అని నెలల తరబడి వాదించుకుంటారు. ఇంట్లో ఉన్న స్పీకరు ఏం అడుగుతోందో మాత్రం చూడరు.

300బి పుట్టిందే సినిమా కోసం. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1930ల్లో హాళ్లలోని ఆంప్లిఫైయర్ల కోసం 300ఎ తెచ్చింది, దాని వెంటే 300బి వచ్చింది. చానెల్‌కు ఒక్కటే పవర్ ట్యూబు ఉండే సింగిల్ ఎండెడ్ పద్ధతిలో అది ఇచ్చేది 8 వాట్లు. అంత తక్కువతో హాలు ఎలా నిండిందంటే, తెర వెనక భారీ హారన్ స్పీకర్లు ఉండేవి కాబట్టి. ట్రాన్సిస్టర్లు వచ్చాక అమెరికా ఈ సామానును పాతబడిందని వదిలించుకుంటుంటే, జపాన్ సంగీతాభిమానులు ఏరి కొనుక్కుపోయారు. ఇవాళ 300బి పేరు ఇంతగా వినపడుతోందంటే చాలావరకు వాళ్ల చలవే.

ఇక లెక్క చూద్దాం. స్పీకరు సెన్సిటివిటీ అంటే ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో వినిపించే శబ్దం. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 87 డెసిబెల్స్ స్పీకరుకు 300బి ఇవ్వగలిగిన 8 వాట్లూ ఇచ్చినా 96 దగ్గర ఆగిపోతుంది. వీణకు, సన్నని గాత్రానికి అది సరిపోతుంది. తవిల్ మీద దెబ్బ పడగానే ఆంప్లిఫైయరు చేతులెత్తేస్తుంది. అదే పాల్ క్లిప్ష్ 1940ల్లో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ స్పీకరు సెన్సిటివిటీ దాదాపు 104. అవే 8 వాట్లతో అది 113 దాకా వెళ్తుంది. 87 స్పీకరును అక్కడిదాకా తీసుకెళ్లాలంటే 400 వాట్లు కావాలి. ట్యూబుల్లో 400 వాట్లంటే ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు.

అసలు గుట్టు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఉంది. 300బి లోపలి నిరోధం సుమారు 700 ఓమ్‌లు, స్పీకరుది 8. ఈ రెండింటికీ నేరుగా పొసగదు. ట్రాన్స్‌ఫార్మరు ట్యూబుకు 8 ఓమ్‌ల స్పీకరును 3500 ఓమ్‌లుగా చూపిస్తుంది. అందుకు ప్రైమరీలో 21 చుట్లకు సెకండరీలో ఒక చుట్టు ఉండాలి. స్పీకరు వైపు నుంచి చూస్తే ట్యూబు తాలూకు 700 కాస్తా ఒకటిన్నర ఓమ్‌లు దాటి ఉంటుంది, తీగ నిరోధంతో కలిపి రెండు అనుకోండి. ఇక్కడే చిక్కు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకరు నిజానికి ఒక స్వరం దగ్గర 4కు పడిపోవచ్చు, మరో చోట 20కి లేవచ్చు. ఆ రెండు ఓమ్‌ల వల్ల ఈ రెండు చోట్లకూ చేరే సిగ్నల్‌లో రెండున్నర డెసిబెల్స్‌కు పైగా తేడా వస్తుంది. చెవి ఇట్టే పట్టేస్తుంది. దీన్నే ట్యూబు వెచ్చదనమని మురిసిపోయేవాళ్లున్నారు. కొన్ని స్పీకర్లతో నిజంగానే బాగుంటుంది, కాదనను. కొన్నింటితో మాత్రం బాస్ ఉబ్బి మృదంగం ముద్దగా వినిపిస్తుంది.

ట్యూబులను జంటగా వాడే పుష్‌పుల్ పద్ధతి ఈ ఇబ్బందికి జవాబు. ట్రాన్స్‌ఫార్మరు ఇనుములో రెండు ట్యూబుల డీసీ కరెంటు పరస్పరం రద్దవుతుంది, వాట్లు పెరుగుతాయి, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపడం) తోడైతే అవుట్‌పుట్ నిరోధం బాగా తగ్గుతుంది. 1947లో ఇంగ్లండ్‌లో విలియమ్సన్ ప్రచురించిన 15 వాట్ల నమూనా దీనికి దారి వేసింది. 1951లో హాఫ్లర్, కెరోస్ పుష్‌పుల్‌లోనే అల్ట్రాలీనియర్ అనే పద్ధతిని వెలువరించారు. ఇఎల్34 ట్యూబులతో చానెల్‌కు 35 వాట్లిచ్చే డైనాకో స్టీరియో 70, కెటి88లతో 75 వాట్లిచ్చే మెకింటాష్ ఎంసి275 పుష్‌పుల్ దారిలో వచ్చినవే. మామూలు హాలు, 86 నుంచి 90 డెసిబెల్స్ స్పీకరు ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఈ బాట పట్టొచ్చు. స్పీకరు సెన్సిటివిటీ 95 దాటనివాళ్లు 300బి జోలికి పోకపోవడమే మంచిది.

సెన్సిటివిటీ ఒక్కటే చూసినా బోల్తా పడతాం. బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఎ బుల్లి స్పీకరుది 83 కూడా ఉండదు. కానీ తొలి రకానికి ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు చూపే నిరోధం, 15 ఓమ్‌లు కావడంతో ట్యూబు మీద భారం పడదు. చిన్న గదిలో 25 వాట్ల పుష్‌పుల్‌తో చక్కగా పాడుతుంది. పీటర్ వాకర్ తన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును 1957లో తెచ్చినప్పుడు పక్కన తన 15 వాట్ల క్వాడ్ 2 ఆంప్లిఫైయరు ఉండనే ఉంది. ఆ స్పీకరుకు పెద్ద ఆంప్లిఫైయరు తగిలించి, వాల్యూమ్ పెంచి, ప్యానెళ్లు కాల్చుకున్నవాళ్లు ఎందరో.

కొన్నాక కొన్ని జాగ్రత్తలు తప్పవు. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ ఆంప్లిఫైయరు నడపకూడదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. 300బి ఒక్కొక్కటీ 30 వాట్ల వేడి చిమ్ముతుంది కాబట్టి అద్దాల బీరువాలో పెట్టొద్దు. వోల్టేజి ఎగిరిపడే ఊళ్లలో ఫిలమెంటుకు 5 వోల్టులే అందాలంటే మంచి స్టెబిలైజరు ఉండాల్సిందే. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు. మూత తీసే పని మెకానిక్‌కే వదిలేయండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ స్పీకర్ల ఇంపెడెన్స్ గ్రాఫు వెంట తీసుకెళ్లండి. వీలైతే స్పీకర్లే తీసుకెళ్లండి. ఆంప్లిఫైయరు వెనక 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని ఉండే రెండు ట్యాపులకూ స్పీకరును మార్చి మార్చి తగిలించి, మీకు బాగా తెలిసిన పాటే పెట్టించుకోండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో డబ్బు పెట్టకండి.