గౌరీపట్నం ప్లవక శిలాజాలు: ఒక విమర్శ
చింతలపూడికి తూర్పున, గౌరీపట్నం క్వారీల్లో రెండు బసాల్ట్ ప్రవాహాల నడుమ అవక్షేప పొరలున్నాయి. వీటిలో తొలి డేనియన్ దశకు చెందిన ప్లవక ఫొరామినిఫెరా దొరికాయనీ, కనుక కింది లావా క్రిటేషియస్ ముగింపు దగ్గరే ఆగిపోయిందనీ గెర్టా కెల్లర్ బృందం 2008లో వాదించింది. డెక్కన్ లావాకు సముద్ర శిలాజాల సాక్ష్యం అరుదు. ఆ మేరకు ఈ పరిశీలన విలువైనదే.

అయితే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ప్లవకాలు ప్రధానంగా బయటి సముద్రపు జీవులు. ఈ పొరలు లోతు తక్కువగల తీరజలాల్లో ఏర్పడ్డాయి. ఇక్కడ ఒక జాతి మొదట కనిపించడం దాని పుట్టుకను కాక, సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన సమయాన్ని సూచించవచ్చు. కింది బసాల్ట్ తమకంటే పాతదని శిలాజాలు చెబుతాయి. ఎంత పాతదో చెప్పవు. ఆ బసాల్ట్‌లోని విలోమ అయస్కాంతత్వం వాదనకు కొంత బలమిస్తుంది గానీ, ఆ విలోమ కాలం సరిహద్దుకు అటూ ఇటూ లక్షల ఏళ్లు సాగింది.