1855 చిత్రహింసల నివేదిక: ఒక విమర్శ

చెన్నపట్టణపు తెలుగు వర్తకుఁడు గాజుల లక్ష్మీనరసు శెట్టి ప్రభృతుల మొర పార్లమెంటులో చర్చకు రాఁగా, 1854లో విచారణసంఘ మేర్పడెను. శిస్తు వసూలునందును, నేరవిచారణయందును చిత్రహింసలు జరుగుట నిజమని అది 1855 నివేదికలో తేల్చెను. శిస్తు, పోలీసు అధికారములను వేఱుచేయవలెనని సూచించుట దాని ఘనత. 1859 చట్టముచే చెన్నరాజధానిలో పోలీసుశాఖ ప్రత్యేకమయ్యెను.

కాని నివేదిక దోషమును దేశీయోద్యోగులపై మోపి, ప్రజల మొర దొరలపై కాదనెను. ఇదియే దాని లోపము. ఎట్లైనను బకాయి రాఁబట్టుమను పై అధికారి కోరికయే బంట్రోతునకు అసలు శిక్షణము.

పోలీసుల యెదుటి నేరాంగీకారము నిందితునిపై సాక్ష్యముగా చెల్లదని 1872 చట్టము విధించెను. 2023 చట్టమును దానినే నిలిపినది. నియామకమును, శిక్షణమును ఎంత దిద్దినను, పైవారి కోరిక మాఱనిచో శాసనమునకుఁ గల యీ యవిశ్వాసము తొలఁగదు.