విడిచి విడిచి వచ్చే లోపం

పాత కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్సు పూర్తిగా పాడైతే ఆ సంగతి తెలుసుకోవడం ఏ మెకానిక్కుకూ కష్టం కాదు. ఉదయం సాఫీగా నడిచి, మధ్యాహ్నం ఒకే గేరులో బిగుసుకుపోయి, ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయగానే ఏమీ జరగనట్టు పనిచేసే గేర్‌బాక్సే ఆ వృత్తికి అసలైన పరీక్ష. బండి షెడ్డుకు చేరేసరికి లక్షణం మాయమవుతుంది కనుక, విడవకుండా కాయక మధ్యమధ్య వచ్చిపోయే జ్వరాన్ని వైద్యుడు పరిశీలించినట్టుగా, లోపం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు అనే రెండు ప్రశ్నలకూ సమానమైన విలువ ఇవ్వవలసి ఉంటుంది.

ఈ గేర్‌బాక్సులో కాలి క్లచ్చు చేసే పనిని టార్క్ కన్వర్టర్, అంటే ఇంజను శక్తిని నూనె ప్రవాహం ద్వారా గేర్లకు అందించే పరికరం, చేస్తుంది. ఏ గేరు పడాలో కంప్యూటరు నిర్ణయించగా, అది పంపే విద్యుత్తుతో తెరుచుకొని మూసుకొనే చిన్న కవాటాలైన సొలినాయిడ్లు నూనె ఒత్తిడిని గేర్‌బాక్సు లోపలి ఒక క్లచ్చు నుంచి మరొక క్లచ్చుకు మళ్లిస్తాయి. నూనె, లోహం, విద్యుత్తు అనే ఈ మూడింటిలో దేనిలో తేడా వచ్చినా డ్రైవరుకు తెలిసేది గేరు సరిగా పడకపోవడమే. లెక్క కుదరనప్పుడు మరింత నష్టం జరగకుండా కంప్యూటరు బండిని ఒకే గేరులో నిలుపుతుంది. లింప్ మోడ్ అనే ఈ రక్షణ చర్యనే గేర్‌బాక్సు చెడిపోవడంగా పొరబడేవారు ఎక్కువ.

గూడూరు చుట్టుపక్కల దారులు ఈ విచారణకు ఎంతో పనికివస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో, బజారు రద్దీలో నెమ్మదిగా కదిలే కారుకు గాలి చాలక గేర్‌బాక్సు నూనె వేడెక్కి పలచబడుతుంది, అరిగిన సీళ్ల సందుల్లోంచి ఒత్తిడి జారిపోతుంది. అదే కారు 16వ నంబరు జాతీయ రహదారి మీద నాయుడుపేట వైపు సాగితే గాలి తగిలి కుదుటపడవచ్చు. రహదారి మీద సమవేగంలోనే వణుకు పుడితే ఇంజనును గేర్లకు నేరుగా బిగించే, టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్చును, గుంతల్లో కుదిపినప్పుడే గేరు తప్పితే వైరింగును, రాపూరు ఘాటు ఎక్కేటప్పుడే ఇంజను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చులు జారడాన్ని, తెల్లవారి మొదటిసారి మాత్రమే గేరు ఆలస్యంగా పడితే గట్టిపడిన రబ్బరు సీళ్లను ముందుగా అనుమానించాలి.

పరీక్షలు చవకైన వాటితో మొదలై ఖరీదైన వాటివైపు సాగాలి. నూనె మట్టాన్ని తయారీదారు చెప్పిన పద్ధతిలోనే చూడాలి, ఎందుకంటే చాలా కార్లలో వేడెక్కిన ఇంజను తిరుగుతుండగా చూసే ఈ మట్టాన్ని హోండా కార్లలో ఎక్కువ వాటికి ఇంజను ఆపిన వెంటనే చూస్తారు. నూనె నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్చు పలకలు కాలినట్టు భావించాలి. తరువాత బ్యాటరీ, ఎర్తు కనెక్షన్లు, ఆపైన కంప్యూటరు నమోదు చేసిన కోడ్లను చదివే స్కానర్. పి0700 అనే కోడు గేర్‌బాక్సు కంప్యూటరు ఏదో లోపాన్ని నమోదు చేసిందని మాత్రమే చెబుతుంది. పి0715 వేగాన్ని కొలిచే సెన్సరు సర్క్యూటును చూడమంటుందే తప్ప సెన్సరు మార్చమని చెప్పదు. రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, 30 డిగ్రీల వద్ద కొలిచిన సొలినాయిడ్ తీగచుట్ట 100 డిగ్రీల వద్ద పావువంతుకు పైగా ఎక్కువ చూపడం సహజం. అంతకు మించి ఎగసినా, మీటరు చూస్తూ వైరు కదిపినప్పుడు అంకె తెగిపోయినా లోపం దొరికినట్టే. చల్లగా ఉన్నప్పుడు చేసిన ఒక్క కొలత దేనినీ రుజువు చేయదు.

లోపం కళ్లముందు కనిపించకముందే కవాటాలు అమరిన వాల్వ్ బాడీనో, మొత్తం గేర్‌బాక్సునో మార్చడం మరమ్మతు కాదు, ఊహ మీద పెట్టిన ఖర్చు. అయితే ఈ తొందరకు మెకానిక్కు ఒక్కడే బాధ్యుడు కాడు. కొత్త భాగానికి డబ్బిచ్చే యజమాని, కారణం కోసం వెచ్చించిన పూటకు కూలి ఇవ్వడానికి వెనకాడినంతకాలం భాగాలు మార్చే అలవాటే నిలుస్తుంది. లోపం వచ్చిన వేళ, దారి, వేగం, ఎండ తీవ్రత రాసి ఉంచి మెకానిక్కుకు చూపడం, వెతికిన పనికి విడిగా కూలి ఇవ్వడం యజమాని చేయగలిగిన రెండు పనులు. అవి జరిగిన చోట మెకానిక్కుకు తన విద్యను పూర్తిగా వినియోగించే అవకాశం, పాత కారుకు మరికొన్నేళ్ల ఆయుష్షు దక్కుతాయి.