పుట్టిన రోజే పుంజా, పెట్టా?

పెంకు చీల్చుకుని బయటపడిన రోజు కోడిపిల్లను చూసి అది పుంజో పెట్టో చెప్పడం, ఏళ్ల తరబడి కోళ్లు పెంచినవాళ్లకు కూడా కష్టమే. దూడ అయితే చూడగానే తెలుస్తుంది. మామూలు కోడిపిల్లకు పైకి ఏ గుర్తూ ఉండదు. అయినా గుడ్ల కోళ్ల పరిశ్రమకు ఆ మొదటి రోజే జవాబు కావాలి. కన్నూ వేలూ కలిపి సెకన్లలో ఆ జవాబు చెప్పే విద్య నూరేళ్ల కిందట జపాన్‌లో పుట్టింది. చాలామంది దాన్ని మాటలకందని మహిమలా చెప్పుకుంటారు. నిజానికి అది నేర్పగలిగినది, సాధనతో ఎవరికైనా అబ్బేది. దాని గొప్పతనం అందులోనే ఉంది.

పెరట్లో తొందర లేదు

పల్లెలో తల్లి వెంట తిరిగే పిల్లలను ఐదారు వారాలు గమనిస్తే సంగతి మెల్లగా బయటపడుతుంది. పుంజుపిల్ల తలమీది జుట్టు ముందు పెరిగి ఎర్రబడుతుంది. కాళ్లు లావెక్కుతాయి, నిలబడే తీరు నిటారుగా మారుతుంది. మూడో నెల వచ్చేసరికి మెడమీదా నడుముమీదా మొలిచే ఈకలు పుంజుకు సన్నగా, కొనదేలి, మెరుస్తూ ఉంటాయి. పెట్టకు అవే ఈకల కొనలు గుండ్రంగా ఉంటాయి. నమ్మదగిన గుర్తు ఇదే. జుట్టును మాత్రం అన్ని జాతుల్లోనూ నమ్మలేం. పందేలకు పేరుపడ్డ అసీల్ కోడికి జుట్టు పొట్టిగా, తలకు అంటుకుని ఉంటుంది. ఆ పిల్లల్లో జుట్టు చూసి తేల్చబోతే పొరపాటు పడతాం.

కోసుగా ఉన్న గుడ్డులో ఒకటి, గుండ్రటి గుడ్డులో ఇంకొకటి ఉంటుందన్న నమ్మకం చాలా పాతది. గుడ్డు ఆకారాన్ని బట్టి లింగం చెప్పవచ్చని అరిస్టాటిల్ కూడా రాశాడు. అది నిజం కాదు. పక్షుల్లో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి. పుంజులో రెండు జడ్ క్రోమోజోములుంటాయి, పెట్టలో ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. తల్లి ఇచ్చే క్రోమోజోము ఏదన్నది పచ్చసొన అండాశయం నుంచి విడుదలయ్యే వేళకే ఖాయమవుతుంది. పెంకు ఆ తరవాత ఏర్పడుతుంది. కాబట్టి పెంకు ఆకారానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు.

టోక్యో నుంచి వచ్చిన జవాబు

గుడ్ల కోసమే రూపొందించిన జాతుల్లో పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికి బ్రాయిలర్‌లా త్వరగా ఎదగదు. దాన్ని వారాల తరబడి మేపితే దాణా ఖర్చు కూడా తిరిగి రాదు. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద హేచరీలు వచ్చినప్పుడు ఈ ప్రశ్న రైతుల మెడకు చుట్టుకుంది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కియోషి మసూయి, ఆయన సహచరుడు జూరో హషిమోతో దానికి దారి చూపించారు. పిల్లలను కోసి చూసి, లోపలి అవయవాలను బయటి గుర్తులతో పోల్చి, మలద్వారం అంచులో ఒక చిన్న తేడాను పట్టుకున్నారు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఈ పద్ధతి ప్రపంచానికి పరిచయమైంది. 1933లో వారి పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. ఆ దశకంలోనే జపాన్ నిపుణులు ఉత్తర అమెరికా హేచరీలకు వెళ్లి పనిచేశారు, అక్కడివారికి నేర్పారు.

వేళ్లూ వెలుతురూ

పని ఇలా సాగుతుంది. పిల్ల పుట్టి ఒక రోజు దాటకూడదు. ఆలస్యమయ్యేకొద్దీ గుర్తు చూడటం కష్టమవుతుంది. తలకు దగ్గరగా బలమైన దీపం ఉండాలి. పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుని, పొట్టమీద మెత్తగా నొక్కి రెట్టను బయటికి పంపేయాలి. తరవాత బొటనవేలు, చూపుడువేలుతో మలద్వారాన్ని విప్పి, కింది అంచు నడిమధ్యన చూడాలి. అక్కడ గుండుసూది తలకాయంత బుడిపె గుండ్రంగా, గట్టిగా, మెరుస్తూ కనిపిస్తే పుంజు. బుడిపె లేకపోతేనో, ఉన్నా చదునుగా, మెత్తగా ఉండి వేలి ఒత్తిడికి అణిగిపోతేనో పెట్ట.

చదివితే తేలిగ్గానే ఉంటుంది. కానీ కొన్ని పెట్టల్లోనూ బుడిపె ఉంటుంది, కొన్ని పుంజుల్లో అది చిన్నదైపోతుంది. ఈ మధ్యస్థపు ఆకారాలను విడదీయడంలోనే నైపుణ్యం తెలుస్తుంది. పిల్ల పొట్టలో ఇంకా పచ్చసొన మిగిలి ఉంటుంది. దాని బలంతోనే అది రెండు మూడు రోజులు మేత లేకుండా బతుకుతుంది. ఒత్తిడి ఎక్కువైతే ఆ సొనసంచి పగిలి పిల్ల చచ్చిపోతుంది. కాబట్టి వేగం ఒక్కటే చాలదు, చేతికి దయ కూడా ఉండాలి. ఆరితేరినవారు గంటకు వెయ్యి పిల్లల దాకా చూసి, నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పగలరు.

ఇది మహిమ కాదని తేల్చిన ప్రయోగం ఒకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు బీడర్మన్, షిఫ్రార్ 1987లో, ఈ పని ఎన్నడూ చేయనివారికి పిల్లల ఫొటోలు చూపించారు. మొదట వాళ్లు నూటికి అరవై దాకా సరిగ్గా చెప్పారు. ఎక్కడ చూడాలో, ఉబ్బు కోసం చూడాలా చదును కోసం చూడాలా అన్నది ఒక్క కాగితంమీద రాసిచ్చాక అది ఎనభై నాలుగుకు చేరింది. ఎక్కడ చూడాలో గురువు చెప్పాలి. చూసినదాన్ని వెంటనే సరిదిద్దే మనిషి పక్కన ఉండాలి. మిగిలినది వేలకొద్దీ పిల్లలను చేతపట్టే సాధన.

ఈకలో, రంగులో

వేలు పెట్టకుండా చెప్పే పద్ధతులూ ఉన్నాయి. కొన్ని రకాల్లో ఆడపిల్లల రెక్క ఈకలు పైవరుస ఈకలకన్నా పొడుగ్గా ఉంటాయి, మగపిల్లల్లో రెండు వరుసలూ సమానంగా ఉంటాయి. అయితే ఈకలు త్వరగా మొలిచే పుంజును, ఆలస్యంగా మొలిచే పెట్టతో జతకలిపి పుట్టించిన పిల్లలకే ఇది వర్తిస్తుంది. ఊరి కోడిపిల్ల రెక్క విప్పి చూసి పుంజో పెట్టో చెప్పేస్తామనేవారి మాట నమ్మకండి. రంగు గుర్తూ అంతే. రోడ్ ఐలండ్ రెడ్ పుంజును చారల ప్లిమత్ రాక్ పెట్టతో కలిపితే పిల్లలన్నీ నల్లగా పుడతాయి, మగపిల్ల తలమీద మాత్రం తెల్ల మచ్చ ఉంటుంది. కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్రవేత్త పనెట్ ఇలాంటి సూత్రంతోనే, రంగును బట్టి మొదటి రోజే గుర్తుపట్టగల జాతులను తయారుచేశాడు.

మగపిల్లల మాట

ఈ విద్య వెనక ఒక చేదు నిజం ఉంది. గుడ్ల కోళ్ల హేచరీలు చాలావాటిలో మగదని తేలిన పిల్లను ఆ రోజే చంపేస్తారు. 2020లో వచ్చిన 'మినారి' సినిమాలో ఈ పనిచేసే కొరియన్ తండ్రి, పనికిరాని మగపిల్లల గురించి కొడుక్కి చెప్పే సన్నివేశం ఒకటుంది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఈ చంపడాన్ని నిషేధించింది. గుడ్డులో ఉండగానే లింగం తేల్చే యంత్రాలు యూరప్ హేచరీల్లోకి వచ్చేశాయి. రెండో దారి మన దగ్గరే ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా లాంటి పెరటి కోళ్లలో పెట్ట గుడ్లకూ, పుంజు మాంసానికీ పనికొస్తాయి. పెంచేవాళ్లకు ఏ పిల్లా భారం కాదు.

యంత్రాలు రావడం మంచిదే. మగపిల్లలు పుట్టి చావకుండా ఆపే యంత్రాన్ని కాదనలేం. అయినా ఆ చేతులు నేర్పిన పాఠం పోకూడదు. శ్రద్ధగా గమనించడం, లెక్క కట్టడం, తప్పు వెంటనే దిద్దుకోవడం వల్లే కంటికి ఆనని తేడా కూడా అందరూ నేర్చుకునే విద్య అయింది. మీరు పెరట్లో కోళ్లు పెంచాలనుకుంటే గుడ్డు ఆకారాన్నీ, సంతలో అమ్మేవారి ధీమానూ నమ్మి డబ్బు పెట్టకండి. హేచరీవారిని ఏ రకమో, ఏ పద్ధతిలో వేరుచేశారో అడగండి. ఊరి పిల్లలైతే మెడ ఈకలు మొలిచేదాకా ఓపిక పట్టండి. పుంజూ పెట్టా రెండూ అక్కరకొచ్చే రకాన్నే ఎంచుకోండి.