పదో తరగతిలోనూ సరళీ స్వరాలు

మా వీధి చివర సంగీతం టీచరుగారింట్లో సాయంత్రం ఆరింటికల్లా శ్రుతిపెట్టె మోగుతుంది. చాప నిండా చిన్నపిల్లలే. ఎనిమిదో తరగతికి రాగానే ఒక్కొక్కరే మానేస్తారు, పదికి చేరేసరికి దాదాపు ఎవరూ మిగలరు. "పరీక్షలయ్యాక పంపిస్తాం టీచర్" అంటారు తల్లిదండ్రులు. అలా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. నా బాధల్లా అదే. సరళీ స్వరాలు ఆరేళ్లకే నోటికి రావచ్చు గానీ, వాటి లోపలి లెక్క అర్థమయ్యేది హైస్కూలు వయసులోనే.

పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెప్పే పాఠక్రమం మాయామాళవగౌళతో మొదలవుతుంది. 72 మేళకర్తల్లో ఇది 15వది. మొదటి పాఠానికి ఇదే ఎందుకు? స నుంచి రికి ఇరుకు అడుగు, రి నుంచి గకు పెద్ద అంగ, గ నుంచి మకు మళ్లీ ఇరుకు అడుగు. ప నుంచి పై స దాకా కూడా అచ్చం ఇదే నడక. కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగానికి దారి తెలిసినట్టే. ఆరేళ్ల పిల్ల దీన్ని వల్లె వేస్తుంది. జామెట్రీ చదివే తొమ్మిదో తరగతి పిల్ల అయితే ఆ పోలికను తనే పట్టుకుంటుంది. ఆ తర్వాత మలహరి రాగంలో గీతం మొదలుపెడితే, తనకు తెలిసిన స్వరాల్లోంచి ని తీసేశారనీ, ఎక్కేటప్పుడు గను కూడా వదిలేశారనీ చెప్పకుండానే గుర్తుపడుతుంది.

అసలు కష్టం తాళంలో ఉంది. ఆది తాళానికి 8 అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. గొంతు పరుగెత్తినా చెయ్యి మాత్రం కదలాల్సిన వేగంతోనే కదలాలి. మూడో కాలం రాగానే పిల్లల చెయ్యి గొంతుతో పాటు ఉరుకుతుంది. టీచరుగారు పాట ఆపరు. ఆ చేతి కింద తన అరచెయ్యి పెట్టి దెబ్బ అక్కడే పడేలా చూస్తారు. ఇలా మూడు కాలాలూ నిలబెట్టడానికి నెలలు పడుతుంది. అది నిలిచాక జంట స్వరాల్లో రెండో స్వరం మీద నొక్కు, ఏడు తాళాల అలంకారాలు చాలా తేలిగ్గా వస్తాయి.

మగపిల్లలకు ఈ వయసులో ఇంకో చిక్కుంది. నిన్నటిదాకా ఆడపిల్లలతో కలిసి ఐదు శ్రుతిలో పాడినవాడికి ఒకరోజు పై షడ్జం దగ్గర గొంతు చీలిపోతుంది. పక్కవాళ్లు నవ్వుతారు, వాడు మర్నాటి నుంచి రాడు. గొంతు పాడైందనుకుని ఇంట్లోవాళ్లూ ఊరుకుంటారు. పాడవలేదు, మారుతోంది, అంతే. శ్రుతి దించి, పై స్థాయి జోలికి పోకుండా కొన్నాళ్లు నెమ్మదిగా పాడిస్తే చాలు. కావాలంటే ఆ ఏడాది వయొలినో మృదంగమో చేతికివ్వొచ్చు.

నేర్చుకోవడానికి చోటు లేదనలేం. తిరుపతి, విజయవాడ, హైదరాబాదుల్లో సంగీత కళాశాలలున్నాయి. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి. కేంద్రం తరఫున సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో ఉపకారవేతనం ఇస్తుంది. సరిగ్గా మనం మాన్పించే వయసు అది!

ఒకప్పుడు ఇలాంటి చోటు కోసం ఊళ్లు దాటి వెళ్లినవాళ్లున్నారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. కుర్రతనంలోనే ఘంటసాల ఆ ఊరు చేరి, మధుకరం ఎత్తుకుని పొట్ట నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. మన పిల్లలకు కావలసింది అంత త్యాగమేమీ కాదు, రోజుకు అరగంట.

మొన్న టీచరుగారింట్లో పదో తరగతి అబ్బాయి ఒకడు చాప చివర కూర్చున్నాడు. "పై స అందట్లేదు టీచర్" అన్నాడు తల దించుకుని. "అందనక్కర్లేదు నాన్నా, ఒకటిన్నరకి దించుతాను, కింది ప నుంచి మొదలుపెట్టు" అంటూ ఆవిడ శ్రుతిపెట్టె మీట తిప్పారు. వాడు కుడిచెయ్యి తొడ మీద పెట్టి దెబ్బ వేశాడు.